ఎలివేషన్ డేటా ఫార్మాట్ మార్చేటప్పుడు ఏం జారిపోతుంది?

ఎవరెస్ట్ శిఖరం ఉన్న ప్రాంతపు ఎత్తులన్నీ ఎన్27ఈ086 అనే హెచ్‌జీటీ ఫైల్లో దొరుకుతాయి. ఆ ఫైలు సైజు 2,59,34,402 బైట్లు. లోపల 3601 వరుసలు, ఒక్కో వరుసలో 3601 ఎత్తులు, ఒక్కో ఎత్తుకు రెండు బైట్లు. గుణించి చూడండి, లెక్క సరిగ్గా సరిపోతుంది. అంటే ఈ ఎత్తులు ఏ ప్రాంతానివో, మీటర్లలో ఉన్నాయో అడుగుల్లో ఉన్నాయో, ఎక్కడి నుంచి కొలిచారో చెప్పడానికి ఫైల్లో ఒక్క బైటు కూడా మిగల్లేదు. చోటు సంగతి ఫైలు పేరు చెబుతుంది: నైరుతి మూల 27 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 86 డిగ్రీల తూర్పు రేఖాంశం. పేర్లో 27 తీసేసి 28 అని పెడితే ఎవరెస్ట్ దాదాపు 111 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ అభ్యంతరం చెప్పదు.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. ఎస్ఆర్‌టీఎం అని పిలిచే ఆ డేటాతో పాటే హెచ్‌జీటీ ఫైళ్లు వ్యాపించాయి. ఇప్పటికీ మొబైల్ మ్యాప్ యాప్‌లు, రేడియో సిగ్నల్ లెక్కలు వేసే ప్రోగ్రాములు చాలావరకు ఎత్తుల కోసం వీటినే అడుగుతాయి. కొత్త డేటా మాత్రం ఎక్కువగా జియోటిఫ్‌లో, అంటే భూమ్మీద తన చోటేదో లోపలే రాసుకునే బొమ్మ ఫైల్లో, వస్తోంది. సర్వే వాళ్లు కొందరు టెక్స్ట్ ఫైళ్లు ఇస్తారు, సైన్యాల కోసం తయారైన డేటా డీటెడ్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది, వెబ్ మ్యాపులు ఎత్తుల్ని రంగుల బొమ్మల్లో దాచి పంపుతాయి. అందుకే ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకదాన్ని ఇంకోదానిగా మార్చుకుంటూనే ఉంటారు.

మార్చడానికి పనిముట్లకు కొదవ లేదు. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన జీడాల్ లైబ్రరీ ఉచితం, క్యూజీఐఎస్‌తో సహా ఎన్నో మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లు లోలోపల దాన్నే వాడతాయి. ఒక్క లైను కమాండ్ ఇస్తే కొన్ని సెకన్లలో కొత్త ఫైలు చేతికొస్తుంది, ఎర్రర్ కూడా ఉండదు. నాకు టెన్షన్ పుట్టించేది ఆ ఎర్రర్ లేకపోవడమే. ఒక ఎత్తు అంకెకు అర్థం ఉండాలంటే అది సరిగ్గా ఏ బిందువుదో, దేన్ని సున్నా అనుకుని కొలిచారో, ఏ యూనిట్లో ఉందో, కొలత దొరకని చోట ఏ అంకె పెట్టారో తెలిసి ఉండాలి. కొన్ని ఫార్మాట్లు ఈ సంగతుల్ని ఫైల్లోనే రాసుకుంటాయి. కొన్ని పక్కనే ఇంకో చిన్న ఫైల్లో పెడతాయి. హెచ్‌జీటీ లాంటివి, చదివేవాళ్లకు ముందే తెలుసులే అనుకుని ఎక్కడా రాయవు. మార్పిడిలో అంకెలు దాదాపు ఎప్పుడూ క్షేమంగానే దాటుతాయి. గల్లంతయ్యేవి ఈ సంగతులు.

బైట్ల దగ్గరే మొదలయ్యే తేడాలు

హెచ్‌జీటీలో ప్రతి ఎత్తూ 16 బిట్ల పూర్ణాంకం, ప్లస్ కావచ్చు, మైనస్ కావచ్చు. రెండు బైట్లలో పెద్ద విలువ మోసేది ముందు వస్తుంది, దీన్ని బిగ్ ఎండియన్ అంటారు. మనం వాడే కంప్యూటర్లు, ఫోన్లు దాదాపు అన్నీ దీనికి తిరగేసి చిన్న బైటును ముందు పెట్టుకుంటాయి. సొంతంగా ప్రోగ్రామ్ రాసుకుని ఫైలు చదివేవాళ్లు ఈ వరసను పట్టించుకోకపోతే 300 మీటర్ల గుట్ట 11,265 మీటర్లకు లేస్తుంది, 1 మీటరు ఎత్తున్న తీరం 256 మీటర్లవుతుంది. ఈ తప్పు తెరమీద వెంటనే కనిపిస్తుంది, మ్యాపంతా చుక్కల గందరగోళంగా తయారవుతుంది. కాబట్టి దీంతో ప్రమాదం తక్కువే.

మైనస్ గుర్తు సంగతి అలా కాదు. మృత సముద్రం ఒడ్డు సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా కిందుంటుంది. మైనస్ 400ను గుర్తు లేని పూర్ణాంకంగా చదివితే 65,136 వస్తుంది. మ్యాపులో మైనస్ ఎత్తులు ఏ కాస్తో ఉంటే, మిగతా అంతా సరిగ్గానే కనబడి ఆ కాస్త మాత్రం పాడవుతుంది. డీటెడ్‌లో ఇంకో మెలిక ఉంది. అందులో మైనస్ అంకెను రాసే పద్ధతే వేరు: మొదటి బిట్‌ను గుర్తుకోసం వదిలి, మిగతా 15 బిట్లలో అంకెను మామూలుగా రాస్తారు. దాన్ని మామూలు కంప్యూటర్ పద్ధతిలో చదివితే మైనస్ 5 కాస్తా మైనస్ 32,763 అవుతుంది. పైగా డీటెడ్‌లో ఎత్తులు అడ్డంగా కాకుండా నిలువుగా, దక్షిణం నుంచి ఉత్తరానికి పేర్చి ఉంటాయి. హెచ్‌జీటీలో మొదటి వరుస ఉత్తరపు అంచుది. ఒకదాని వరసను ఇంకోదానికి పెడితే కొండలు పక్కకు తిరిగి పడుకుంటాయి. జీడాల్‌కు ఇవన్నీ తెలుసు, చూసుకుంటుంది. చేత్తో రాసుకున్న కోడ్‌తో మార్చేవాళ్లు మాత్రం ఫార్మాట్ వివరణ పత్రం దగ్గర పెట్టుకోవాలి.

కొలత దొరకని చోటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. రాడార్ నీడ పడిన లోయల్లోనూ, అద్దంలా నిశ్చలంగా ఉన్న నీటి మీదా ఎస్ఆర్‌టీఎంకు కొలతలు రాలేదు. అలాంటి గడుల్లో మైనస్ 32,768 అని పెట్టారు. డీటెడ్‌లో అది మైనస్ 32,767. ఎస్రీ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్స్ట్ ఫార్మాట్ అయిన ఎస్రీ ఆస్కీ గ్రిడ్‌లో సాధారణంగా మైనస్ 9999. దశాంశాల ఫైళ్లలో కొన్నిసార్లు మైనస్ 3.4 పక్కన ముప్పై ఎనిమిది స్థానాలున్న బ్రహ్మాండమైన సంఖ్య. ఈ అంకె ఎత్తు కాదని ఫైల్లో రాసి ఉంటేనే సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పెడుతుంది. రాసి లేకపోతే నిజమైన ఎత్తే అనుకుంటుంది. పక్కపక్కనున్న నాలుగు గడుల్లో మూడింట్లో 500 మీటర్లు, నాలుగోదాంట్లో మైనస్ 32,768 ఉంటే సగటు మైనస్ 7,817. ఒకసారి ఈ సగటు తీశాక ఆ గడి డేటా లేనిది అని గుర్తుపట్టే దారే ఉండదు, అక్కడ ఎనిమిది కిలోమీటర్ల లోతు గొయ్యి పడిపోతుంది. ఆ బ్రహ్మాండమైన సంఖ్యతో వచ్చే ఇబ్బంది ఇంకో రకం. దాన్ని టెక్స్ట్‌గా రాసేటప్పుడు చివరి అంకెలు కుదించుకుపోతే, హెడర్లో, అంటే ఫైలు మొదట్లోని వివరాల్లో, ఉన్నదీ గడిలో ఉన్నదీ అచ్చంగా ఒకటి కావు. అప్పుడు సాఫ్ట్‌వేర్ దృష్టిలో అదీ ఒక ఎత్తే.

దీనికి ఎదురు తప్పు కూడా చూస్తుంటాం. శుభ్రం చేస్తున్నామనుకుని డేటా లేని గడులన్నింట్లో సున్నా పెట్టేస్తారు. సున్నా అంటే సముద్రమట్టం. కొండల మధ్య సముద్రం వచ్చి చేరుతుంది, తీరంలో ఏది సముద్రమో ఏది ఖాళీయో చెప్పలేం. పూడ్చాలనుకుంటే చుట్టుపక్కల ఎత్తుల ఆధారంగా గానీ ఇంకో డేటాసెట్ నుంచి గానీ పూడ్చాలి, అది ఫార్మాట్ మార్పిడికి ముందే వేరే పనిగా చేసుకోవాలి.

దశాంశాలున్న ఎత్తుల్ని పూర్ణాంకాలుగా మార్చడం పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. మీటరులో నాలుగో వంతు పోతే ఏమైంది అనిపిస్తుంది. కానీ 30 మీటర్ల గడికి పక్క గడికీ ఒక మీటరు మెట్టు పడితే అక్కడ వాలు దాదాపు 1.9 డిగ్రీలు. నిజమైన నేల అర డిగ్రీ వాలుతో మెత్తగా సాగుతుంటే, పూర్ణాంకాల ఫైల్లో అది కాసేపు పూర్తిగా చదును, ఉన్నట్టుండి ఒక మెట్టు, మళ్లీ చదును. నడక దారి ఎత్తు చూసుకునే యాప్‌కు దీంతో పేచీ లేదు. డెల్టా నేలల్లో వరద నీరు ఎటు పారుతుందో లెక్కగట్టేవాళ్లకు మాత్రం డేటా చచ్చిపోయినట్టే. ఎదుటి సాఫ్ట్‌వేర్ తప్పనిసరిగా పూర్ణాంకాలే అడిగితే తప్ప దశాంశాల్ని వదలకండి. డెసిమీటర్లలోకి మార్చి పూర్ణాంకంగా దాచి, 0.1తో గుణించుకోమని ఫైల్లో రాసే పద్ధతి ఒకటుంది. మంచిదే. కాకపోతే ఆ గుణకాన్ని చూడని సాఫ్ట్‌వేర్ చేతిలో కొండలన్నీ పది రెట్లు పెరుగుతాయి.

అర గడి జరుగుడు

3601 అనే అంకె చాలామందిని తికమక పెడుతుంది. ఒక డిగ్రీకి 3600 ఆర్క్ సెకన్లు, మరి ఆ ఒక్కటి ఎక్కడిది? హెచ్‌జీటీలో ప్రతి అంకె ఒక బిందువు ఎత్తు. మొదటి బిందువు సరిగ్గా 86 డిగ్రీల గీత మీద, చివరిది సరిగ్గా 87 డిగ్రీల గీత మీద ఉంటాయి. వంద మీటర్ల కంచెకు మీటరుకో రాయి పాతితే 101 రాళ్లు పడతాయి కదా, ఇదీ అంతే. అందుకే పక్కపక్క టైళ్ల, అంటే ఒక్కో డిగ్రీ ముక్కకు ఒక్కోటిగా ఉన్న ఫైళ్ల, అంచు వరుసలు ఒకటే అయి ఉంటాయి.

జియోటిఫ్‌లో ఈ విషయం చెప్పడానికి ప్రత్యేకంగా ఒక చోటుంది. పిక్సెల్ అంటే ఒక విస్తీర్ణమా, ఒక బిందువా అన్నది ఫైల్లో రాయవచ్చు. విస్తీర్ణం అని రాస్తే ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు పిక్సెల్ మూలకు వర్తిస్తాయి, బిందువు అని రాస్తే నడిబొడ్డుకు. ఈ రెంటి మధ్య తేడా అర పిక్సెల్. 30 మీటర్ల డేటాలో అది 15 మీటర్లు. 45 డిగ్రీల వాలు మీద 15 మీటర్లు పక్కకు జరగడమంటే ఎత్తులో 15 మీటర్ల తప్పు. తెరమీద మాత్రం ఏ తేడా కనిపించదు, కొండ కొండలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్లు కూడా దీని మీద ఏకాభిప్రాయంతో లేవు. జీడాల్ తన 1.8 వెర్షన్‌లో బిందువు రకం ఫైళ్లను చదివే తీరు మార్చుకుంది, అంటే అంతకు ముందు వెర్షన్‌కూ ఆ తర్వాతి వెర్షన్‌కూ ఒకే ఫైలు అర పిక్సెల్ తేడాతో కనిపించింది. హెచ్‌జీటీని జీడాల్‌తో తెరిచినప్పుడు ఈశాన్య, నైరుతి మూలలు డిగ్రీ గీతకు 0.00013889 డిగ్రీలు బయటికి చూపిస్తే కంగారు పడి సరిచేయకండి. అది సరైనదే. బిందువు చుట్టూ ఊహించుకున్న గడి అంత మేర బయటికి వస్తుంది. దాన్ని గుండ్రంగా 86, 87 అని చేసేవాళ్లే డేటాను చెడగొడతారు.

టెక్స్ట్ ఫార్మాట్లలోనూ ఈ గొడవ ఉంది. ఎస్రీ ఆస్కీ గ్రిడ్ తెరిస్తే పైన ఆరు లైన్లలో నిలువు వరుసలెన్ని, అడ్డ వరుసలెన్ని, నైరుతి మూల ఎక్కడ, గడి సైజెంత, డేటా లేని అంకె ఏది అని ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో చదువుకోగలగడం దీని గొప్పతనం. అయితే నైరుతి మూల అన్నచోట గడి మూలా, గడి మధ్య అనేది ఒక్క పదం తేడాతో మారిపోతుంది. ఆ ఒక్క పదాన్ని చూడకుండా పాత స్క్రిప్టులు మూలే అనుకుని ముందుకు పోతాయి. గడి సైజుకు ఒకే అంకె కాబట్టి పొడవు వెడల్పులు వేరుగా ఉన్న గడులు ఇందులో పట్టవు. ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాపుగా పరిచిన పద్ధతి, పక్క ఫైల్లో ఉంటుంది, మెయిల్లో పంపేటప్పుడు ఆ పక్క ఫైలును చాలామంది వదిలేస్తారు.

లైనుకో బిందువు చొప్పున రేఖాంశం, అక్షాంశం, ఎత్తు రాసే ఎక్స్‌వైజెడ్ ఫైళ్లకు ఇంకో జబ్బు. అక్షాంశ రేఖాంశాల్ని నాలుగు దశాంశాలకు కుదిస్తే బిందువుల మధ్య దూరం ఒకచోట 0.0003, ఇంకోచోట 0.0002 అవుతుంది. సమాన దూరంలో లేని బిందువుల్ని గ్రిడ్‌గా తీసుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కనీసం ఎనిమిది దశాంశాలు ఉంచండి.

సున్నా ఎక్కడుంది?

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే, అన్నిటికన్నా తక్కువ మంది పట్టించుకునేదీ ఇదే. ఎత్తు 100 మీటర్లు అంటే దేని మీంచి 100 మీటర్లు?

ఉపగ్రహాల ద్వారా చోటు తెలుసుకునే రిసీవర్ లెక్క వేసేది ఎలిప్సాయిడ్ మీంచి ఎత్తు. ఎలిప్సాయిడ్ అంటే భూమి ఆకారానికి దగ్గరగా గణితంతో గీసుకున్న నునుపైన గుండ్రటి ఉపరితలం, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుంటుంది. మనం మాటల్లో సముద్రమట్టం అనేది జియాయిడ్‌కు దగ్గర. గురుత్వాకర్షణ ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, అలలూ ఆటుపోట్లూ లేకుండా సముద్రం నిలిచిపోతే ఏ ఉపరితలం ఏర్పడుతుందో అదే జియాయిడ్. దీనికి ఎత్తుపల్లాలున్నాయి. న్యూగినీ దగ్గర ఇది ఎలిప్సాయిడ్‌కు 80 మీటర్లకు పైగా పైనుంటుంది. శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో దాదాపు 106 మీటర్లు కిందుంటుంది, భూమ్మీద ఇంత లోతుకు దిగిన చోటు ఇంకోటి లేదు. ఆ నడిసముద్రంలో ఓడ డెక్కు నీటికి 10 మీటర్ల పైన ఉంటే, ఎలిప్సాయిడ్ లెక్కలో దాని ఎత్తు దాదాపు మైనస్ 96 మీటర్లు. రెండు అంకెలూ నిజమే.

ఎస్ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం 96 అనే జియాయిడ్ నమూనా మీంచి లెక్కించినవి. యూరప్ వాళ్ల కోపర్నికస్ డెమ్ అనే ఎత్తుల డేటాకు ఈజీఎం 2008 అనే ఇంకో నమూనా ఆధారం. డ్రోన్ సర్వేల ఫలితాలు చాలాసార్లు ఎలిప్సాయిడ్ మీంచే వస్తాయి. ఒక దేశపు అధికారిక సర్వే ఎత్తులకు ఆ దేశం సొంత సముద్రమట్ట ప్రమాణం ఉంటుంది. ఈజీఎం 96కూ 2008కూ మధ్య తేడా చాలాచోట్ల మీటరులోపే, కాబట్టి నడక దారుల మ్యాపుకు అది పెద్ద లెక్క కాదు. ఎలిప్సాయిడ్‌కూ జియాయిడ్‌కూ మధ్య తేడా మాత్రం పదుల మీటర్లు. డ్రోన్ డేటాను ఎస్ఆర్‌టీఎం పక్కన అతికిస్తే అతుకు దగ్గర కొండచరియ లాంటి గోడ లేచేది ఇందుకే.

హెచ్‌జీటీలో ఈ వివరం రాయడానికి చోటు లేదు. ఎస్రీ ఆస్కీ గ్రిడ్ హెడర్లోనూ లేదు. జియోటిఫ్‌లో చోటుంది కానీ చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అంటే జియోటిఫ్ నుంచి హెచ్‌జీటీకి, మళ్లీ అక్కణ్ణుంచి జియోటిఫ్‌కు మార్చితే అంకెలన్నీ అచ్చు మొదటివే ఉంటాయి, అవి దేని మీంచి కొలిచినవో మాత్రం పోయుంటుంది. తర్వాత ఆ ఫైలు చేతికందినవాళ్లకు తెలుసుకునే మార్గం లేదు.

ఎత్తుల్ని ఒక సున్నా నుంచి ఇంకో సున్నాకు మార్చడానికి జీడాల్‌లో జీడాల్‌వార్ప్ అనే కమాండ్ ఉంది. మూల ఫైలు కోఆర్డినేట్ వ్యవస్థను ఈపీఎస్‌జీ (ఇలాంటి వ్యవస్థలకు నంబర్లిచ్చిన జాబితా) 4326 ప్లస్ 5773 అని ఇస్తే ఎత్తులు ఈజీఎం 96వి అని అర్థం, 3855 అంటే ఈజీఎం 2008. గమ్యాన్ని 4979 అని ఇస్తే ఎలిప్సాయిడ్ ఎత్తులు. ఈ లెక్కకు జియాయిడ్ ఎత్తుపల్లాల పట్టిక ఉన్న గ్రిడ్ ఫైలు కంప్యూటర్లో ఉండాలి. అది లేకపోతే కొన్ని సందర్భాల్లో ఎత్తుల్ని ఏమీ మార్చకుండానే పని అయిపోయినట్టు ఫైలు తయారవుతుంది. అందుకని మార్పిడికి ముందూ తర్వాతా ఒకే బిందువు ఎత్తు చూడండి. తేడా సున్నా వచ్చిందంటే మార్పిడి జరగలేదన్నమాట.

యూనిట్ల సంగతి దీనితో పోలిస్తే సులువు. అడుగుల్లో ఉన్న డేటాను మీటర్లనుకుంటే కొండలు మూడింతలకు పైగా పెరుగుతాయి, ఎవరికైనా కనబడుతుంది. ఇంకో వివరం చూస్తే తెలియదు: అది ఉపరితలపు ఎత్తా, నేల ఎత్తా? ఎస్ఆర్‌టీఎం, కోపర్నికస్ రెండూ రాడార్ కొలతలే. దట్టమైన అడవిలో అవి చెట్ల కొమ్మల ఎత్తునే ఎక్కువగా చెబుతాయి, నగరంలో భవనాల పైకప్పుల్ని కలుపుకుంటాయి. ఏ ఫార్మాట్‌లోకి మార్చినా చెట్లు పోవు. ఫార్మాట్ మారిస్తే నేల ఎత్తు వస్తుందని ఆశపడేవాళ్లను చూశాను, అది వేరే శాస్త్రం.

మార్పిడి అనుకుని చేసే రీసాంప్లింగ్

ఫార్మాట్ మార్చడం, ప్రొజెక్షన్ మార్చడం ఒకే డైలాగ్ బాక్సులో ఉండటం వల్ల రెండూ ఒకటే పని అనిపిస్తుంది. మొదటిదాంట్లో అంకెలు యథాతథంగా దాటుతాయి. రెండోదాంట్లో కొత్త గడులు పాత గడుల మీద సరిగ్గా కూర్చోవు కాబట్టి ప్రతి ఎత్తునూ కొత్తగా అంచనా కట్టాలి, దీన్నే రీసాంప్లింగ్ అంటారు. జీడాల్‌వార్ప్ ఏమీ చెప్పకపోతే దగ్గరి గడి అంకెనే తెచ్చి పెడుతుంది. అప్పుడు కొన్ని గడులు రెండుసార్లు వస్తాయి, కొన్ని ఎగిరిపోతాయి, కొండల నీడలు వేసి చూస్తే చారలు తేలతాయి. ఎత్తులకు, చుట్టుపక్కల గడుల్ని కలిపి లెక్కగట్టే బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ అడిగి పెట్టుకోవాలి. ప్రతి రీసాంప్లింగూ కొండ కొసల్ని కాస్త అరగదీస్తుంది. ఎన్ని మార్పులు కావాలన్నా అన్నీ కలిపి ఒక్కసారే చేయడం మేలు.

డిగ్రీల్లో ఉన్న డేటా మీద వాలు లెక్కగట్టేవాళ్లు ఒకటి గమనించాలి. ఎత్తు మీటర్లలో, అడ్డ దూరం డిగ్రీల్లో ఉంటే ప్రపంచమంతా 90 డిగ్రీల గోడలా తేలుతుంది. వాలు లెక్కగట్టే జీడాల్‌డెమ్ కమాండ్‌లో స్కేల్‌ను 111120 అని ఇచ్చేది ఇందుకే, ఒక డిగ్రీలో దాదాపు అన్ని మీటర్లుంటాయి. అయితే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా డిగ్రీ పొడవు అందులో సగమే. ధ్రువాల వైపు పనిచేసేవాళ్లు ముందు మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చుకోవడమే సరైన దారి.

వెబ్ మ్యాపుల్లో వాడే రంగుల పీఎన్‌జీ టైళ్లకు రీసాంప్లింగ్ అస్సలు పనికిరాదు. టెర్రేరియం పద్ధతిలో ఎరుపును 256తో గుణించి, ఆకుపచ్చను కలిపి, నీలంలో 256వ వంతు కలిపి, 32,768 తీసేస్తే ఎత్తు వస్తుంది. ఈ లెక్కలో 255 మీటర్లంటే ఎరుపు 128, ఆకుపచ్చ 255. పక్కనే 256 మీటర్లంటే ఎరుపు 129, ఆకుపచ్చ 0. ఈ రెండు రంగుల్ని బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో సగటు తీస్తే ఎరుపు 129, ఆకుపచ్చ 128 వచ్చాయనుకోండి, ఎత్తు 384 మీటర్లు. పక్కపక్కనున్న 255కూ 256కూ మధ్యలో 384! జేపెగ్ లాంటి నష్టపు కంప్రెషన్ చేసే పని కూడా ఇదే. ముందు రంగుల్ని ఎత్తులుగా మార్చుకోవాలి, ఆ తర్వాతే చిన్నదో పెద్దదో చేసుకోవాలి.

గేమ్ ఇంజిన్ల కోసం తయారుచేసే 16 బిట్ల హైట్‌మ్యాప్‌లలో కనిష్ఠ ఎత్తును 0గా, గరిష్ఠాన్ని 65,535గా సాగదీస్తారు. ఆ రెండు అసలు ఎత్తుల్నీ ఎక్కడైనా రాసిపెట్టుకోకపోతే కొండ ఆకారం మిగులుతుంది, ఎత్తు మిగలదు.

కోపర్నికస్ నుంచి హెచ్‌జీటీకి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే పనిలో ఎదురయ్యే సందర్భం ఇది. యాప్ హెచ్‌జీటీ మాత్రమే తీసుకుంటుంది, మన దగ్గర కోపర్నికస్ 30 మీటర్ల జియోటిఫ్ ఉంది. 2011 నుంచి 2015 దాకా జర్మనీ రాడార్ ఉపగ్రహాల జంట కొలిచిన డేటా అది, ఎస్ఆర్‌టీఎం కన్నా కొత్తది, శుభ్రమైనది.

50 డిగ్రీల అక్షాంశం లోపల ఒక టైల్లో 3600 వరుసలు, 3600 నిలువు వరుసలు ఉంటాయి. హెచ్‌జీటీకి 3601 కావాలి. తేలికైన దారి అనుకుని 3600ను 3601కు సాగదీస్తే ప్రతి ఎత్తూ రీసాంపుల్ అవుతుంది, అనవసరంగా. నిజానికి కోపర్నికస్ బిందువులు ఎస్ఆర్‌టీఎం బిందువుల చోటే ఉంటాయి. టైల్లో పడమటి అంచు, ఉత్తరపు అంచు సరిగ్గా డిగ్రీ గీతల మీదే ఉన్నాయి. లేనివి తూర్పు, దక్షిణపు అంచులు, అవి పక్క టైళ్ల మొదటి వరుసల్లో ఉన్నాయి. కాబట్టి తూర్పు, దక్షిణ, ఆగ్నేయ టైళ్లను కూడా దించుకుని, జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీతో నాలుగింటినీ కలిపి, డిగ్రీ గీతలకు అర పిక్సెల్ బయటి నుంచి 3601 చొప్పున కత్తిరించుకుంటే ఒక్క ఎత్తు కూడా అంచనా కట్టాల్సిన పని లేదు. పక్కన పూర్తిగా సముద్రమే ఉంటే ఆ టైలు అసలు ఉండదు, అక్కడ సున్నా నింపితే సరైనదే అవుతుంది.

50 డిగ్రీలు దాటాక కథ మారుతుంది. 60 డిగ్రీల దాకా టైలుకు 2400 నిలువు వరుసలే, ఇంకా పైకి పోయేకొద్దీ మరీ తగ్గుతాయి. అక్కడ తూర్పు పడమరలుగా బైలీనియర్ రీసాంప్లింగ్ తప్పదు. ఆ తర్వాత దశాంశాల్ని 16 బిట్ల పూర్ణాంకాలుగా మార్చి, హెచ్‌జీటీగా రాసి, పేరును నైరుతి మూలను బట్టి పెట్టాలి. సైజు 2,59,34,402 బైట్లు ఉందో లేదో చూడండి. ఒక్క బైటు తేడా ఉన్నా ఎక్కడో తప్పు జరిగింది.

చివరగా జీడాల్‌ఇన్ఫోతో పాత ఫైలు, కొత్త ఫైలు కనిష్ఠ గరిష్ఠ ఎత్తుల్ని పక్కపక్కన పెట్టి చూడండి, పూర్ణాంకం చేసినంత తేడానే ఉండాలి. పదును ఎక్కువున్న ఒక శిఖరాన్ని ఎంచుకుని రెండు ఫైళ్లలోనూ దాని చోటు ఒకటేనా అని చూస్తే అర గడి జరిగిందేమో తెలిసిపోతుంది. కొండల నీడలు వేసి చూస్తే చారలు, మెట్లు, టైళ్ల మధ్య అతుకులు బయటపడతాయి. రెండు ఫైళ్లనూ ఒకదాన్లోంచి ఒకటి తీసేసి మిగిలిన తేడాను మ్యాపుగా వేస్తే ఇంకా మంచిది. ఆ మ్యాపులో అర మీటరు లోపు చెదురుమదురు చుక్కలు తప్ప కొండల ఆకారాలేవీ కనిపించకూడదు. ఆకారం కనిపించిందంటే డేటా పక్కకు జరిగిందని అర్థం. అన్నీ సరిగ్గా ఉంటే హెచ్‌జీటీ ఫైళ్లున్న ఫోల్డర్లోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి, మూలం కోపర్నికస్ 30 మీటర్లు, ఎత్తులు ఈజీఎం 2008 మీంచి, యూనిట్ మీటర్లు, దశాంశాలు పూర్ణాంకం చేశాం అని రాయండి. అసలు జియోటిఫ్‌లను మాత్రం చెరిపేయకండి.